ముప్పైరెండు తాళ్ళ పందెం

మొన్న ఆదివారం మధ్యాహ్నం, తొమ్మిదో తరగతి చదువుతున్న మా మనవరాలు కంచం ముందు నుంచి లేస్తూనే ఫోను పట్టుకుని వచ్చి నా పక్కన కూలబడి, వాళ్ళ లెక్కల పుస్తకంలోని ఒక ప్రశ్న చూపించింది. ఏదో పరుగు పందెంలో ఏ సంవత్సరం గెలిచినవాళ్ళు ఎన్ని సెకన్లలో గెలిచారో పట్టిక వేసి ఇచ్చి, ఆ బిందువులకు వీలైనంత దగ్గరగా పోయే సరళరేఖ గీసి, ఇంకో పదేళ్ళకు రికార్డు ఎంత ఉండవచ్చో చెప్పమన్నారు. నేను కళ్ళద్దాలు వెతుక్కునేలోపలే అది అంకెలన్నీ ఫోనులోకి ఎక్కించేసింది, ఫోను గీత గీసేసింది, జవాబు కూడా చెప్పేసింది. నేను ఉండబట్టలేక, అంతా బాగుంది గానీ ఈ దూరం ఎవరు కొలిచారమ్మా అని అడిగాను. ఆ పిల్ల నా వైపు కాస్త జాలిగా చూసి, అది ప్రశ్నలో లేదు అమ్మమ్మా అని చెప్పి లేచి వెళ్ళిపోయింది.

నిజమే, ప్రశ్నలో ఉండదు. దగ్గర దగ్గర నలభై ఏళ్ళ కిందట నేను పాఠం చెప్పినప్పుడు కూడా లేదు, అందుకే నేనూ అడగలేదు. అడగనందుకు ఒక పిల్ల చదువు ఆగిపోయేంత పని అయింది. పిల్లలకు పాఠాలుగా చెప్పని ఆ సంగతి, నా వయసు వాళ్ళు మీరు విని అర్థం చేసుకుంటారన్న ధైర్యంతో ఇప్పుడు చెబుతున్నాను.

మా ఆయనకు మినీ లారీల ఫ్యాక్టరీలో ఉద్యోగం రావడంతో మేం జహీరాబాద్ వచ్చాం. కొత్త కాపురం, కొత్త ఊరు, వాకిట్లో నిలబడితే బొంబాయి రోడ్డు మీద లారీల మోత, చలికాలం వచ్చిందంటే ఫర్లాంగు పొడుగున చెరకు బండ్ల వరస. రెండేళ్ళు తిరగకుండానే నాకు అక్కడి ఆడపిల్లల హైస్కూల్లో లెక్కల టీచరుగా ఉద్యోగం దొరికింది. బడి పేరు ఎందుకులెండి, ఇప్పుడది వేరే చోటికి మారింది, పాత భవనం లేదు. పాతికేళ్ళ వయసులో లెక్కల టీచరుకు ఎంత పొగరు ఉండాలో అంతా నాకు ఉండేది. సుద్దముక్క ఆధారంతో లోకాన్నంతా నల్లబల్ల మీదికి దింపేయగలనని గట్టిగా నమ్మేదాన్ని.

గ్రాఫుల పాఠం పుస్తకంలో చప్పగా ఉండేది. పెన్సిళ్ళెన్ని, పైసలెన్ని అంటూ సాగే ఆ లెక్కలు చెబుతుంటే పిల్లలు ఒకరి జడలు ఒకరు అల్లుకునేవారు. ఒకరోజు నాకు విసుగొచ్చి, అందరినీ లేపి వరండా చివర గోడ దగ్గరికి తీసుకుపోయాను. ఆ గోడ మీద మా డ్రిల్లు సారు ఏటేటా ఆటల పోటీల్లో ఎనిమిది వందల మీటర్ల పరుగు గెలిచిన పిల్ల పేరు, పక్కన సమయం, నీలం రంగుతో ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి పెట్టేవారు. బడిలో ఎన్ని పందేలున్నా పరువు మాత్రం దానిదే. అప్పటికి ఎనిమిదేళ్ళ పేర్లున్నాయి. మొదటి ఏడు గెలిచిన పిల్లది మూడు నిమిషాల రెండు సెకన్లు, ఎనిమిదో ఏటిది రెండు నిమిషాల యాభై ఒకటి.

గ్రాఫు కాగితాలు అప్పట్లో ఎంత అపురూపమో మీకు గుర్తుండే ఉంటుంది, తప్పు పడితే రబ్బరుతో చెరిపి చెరిపి చిల్లు పడేదాకా వాడేవాళ్ళం. నలుగురికొక కాగితం ఇచ్చి, అడ్డంగా సంవత్సరాలు, నిలువుగా సెకన్లు వేయించాను. ఎనిమిది చుక్కలు పడ్డాయి. కుట్టుపెట్టెలోంచి నల్లదారం తెచ్చి రెండు గుండుసూదుల మధ్య బిగించి, పైన ఎన్ని చుక్కలున్నాయో కింద కూడా అన్నే ఉండేట్టు దారాన్ని జరిపి చూడమన్నాను. చుక్కలు దారానికి అటు ఒక పిసరు, ఇటు ఒక పిసరు, అంతకు మించి దూరం పోలేదు. ఏటికి ఒకటిన్నర సెకను చొప్పున, కొంచెం అటూఇటూగా, పరుగు సమయం తగ్గుతూ వస్తోంది. నాకు కలిగిన సంతోషం ఏమని చెప్పను. మా బడి పిల్లలు ఏటేటా మెరుగవుతున్నారు, దానికి లెక్క ఉంది, ఆ లెక్క నేను కనిపెట్టాను. వెనక వరసలో కూర్చునే ఒక గడుసు పిల్ల ఆ దారాన్ని కాగితం దాటించి బెంచీ మీదుగా లాగి, నూట పధ్నాలుగేళ్ళకు సమయం సున్నా అవుతుందని లెక్కగట్టి, "అప్పటి పిల్ల ఉరకకముందే గెలుస్తది గద టీచర్" అంది. అందరం పడీపడీ నవ్వాం. గీతను నమ్మాల్సింది చుక్కల దగ్గర్లోనే, దూరం పోయేకొద్దీ దాని మాట వినకూడదని గంభీరంగా చెప్పాను. నేను చెప్పిన మాట నాకే ఎక్కలేదని అప్పుడు తెలియదు.

ఆ ఏడు జనవరిలో ఆటల పోటీలు జరిగాయి. తొమ్మిదో తరగతిలో మొగుడంపల్లి నుంచి బస్సులో వచ్చే పిల్ల ఒకతి ఉండేది. తండ్రి బొంబాయి రోడ్డు మీద లారీ తోలేవాడు, పదిహేను రోజులకోసారి ఇంటికి వచ్చేవాడు. ఇంట్లో పెత్తనం అంతా నాయనమ్మది. తల్లి అత్తగారి మాట దాటేది కాదు, నిజానికి ఆ ఇంట్లో ఎవరూ దాటేవాళ్ళు కాదు. పిల్ల సన్నగా, మోకాళ్ళు ముందుకు వచ్చినట్టుండేది, క్లాసులో నోరు విప్పేది కాదు గానీ పరిగెత్తేటప్పుడు మాత్రం పెదవులు కదిలేవి. దేవుడికి దండం పెట్టుకుంటోందేమో అనుకునేదాన్ని. అడిగితే, అడుగులు లెక్కపెడతానని, అట్లా లెక్కపెడితే ఆయాసం తెలియదని చెప్పింది. ఆ ఏడు ఆమె రెండు నిమిషాల నలభై రెండు సెకన్లలో వచ్చింది. డ్రిల్లు సారు గడియారం చెవి దగ్గర పెట్టుకుని నడుస్తోందా అని చూసుకున్నారు. నేను మాత్రం గోడ దగ్గరికి పరిగెత్తాను. నా గీత ప్రకారం రావలసింది నలభై తొమ్మిది. ఈ పిల్ల చుక్క గీతకు ఎంతో కింద పడింది.

నెల తిరిగేలోగా సంగారెడ్డిలో జిల్లా స్పోర్ట్స్ హాస్టలుకు ఎంపికలు ఉన్నాయని కబురు వచ్చింది. ఎనిమిది వందల మీటర్లు రెండు నిమిషాల యాభై సెకన్లలోపు పరిగెత్తిన పిల్లకు సీటు, ఉండడానికి చోటు, ఇంటర్ దాకా చదువు. డ్రిల్లు సారు, ఎందుకైనా మంచిది, పిల్లకు ఆశ పెట్టకుండా తీసుకుపోదాం అన్నారు. నేను వింటేనా. గ్రాఫు కాగితం చుట్టచుట్టి చంకలో పెట్టుకుని మొగుడంపల్లి బస్సెక్కాను.

నాయనమ్మ వాకిట్లో తవ్వి తెచ్చిన అల్లం కుప్ప ముందు కూర్చుని మట్టి రాలగొడుతోంది. వాకిలంతా ఘాటైన వాసన. నేను చెప్పిందంతా విని, "సంగారెడ్డి ఏడ, మొగుడంపల్లి ఏడ. ఆడపిల్లను ఒక్కదాన్ని ఆడ ఎట్ల ఇడుస్త? పది దాంక ఈడ్నే సదువనీ, అటెన్క సూద్దాం" అంది. చూడండి, ఆవిడ అప్పటికే పదో తరగతి దాకా ఒప్పుకుని ఉంది. అక్కడితో దండం పెట్టి లేచి వస్తే సరిపోయేది. నేను లేవలేదు. కాగితం విప్పి అల్లం మట్టి మీదే పరిచి, ఇది మిగతా పిల్లల గీత, ఇది మీ పిల్ల చుక్క, గీతే యాభైకి దిగిపోయింది, మీ పిల్ల దానికంటే ఎంతో కింద ఉంది, సీటు రాకపోవడమనేది ఉండదు అని చెప్పాను. ఆవిడ ఇంకా తటపటాయిస్తుంటే, ఎవరూ అడగకుండానే, ఒకవేళ ఎంపిక కాకపోతే ఈ ఏడే బడి మాన్పించుకోండి, నేను మళ్ళీ మీ గడప తొక్కను అనేశాను. నాయనమ్మ చేతిలోని అల్లం కొమ్ము పక్కన పెట్టి నా ముఖంలోకి చూసింది. "నీ మాట మీదనే పంపుత. అయితె హాస్టలు, కాకుంటె ఇల్లు. మల్ల మాట మార్చొద్దు" అంది. తలుపు వెనక నిలబడి పిల్ల వింటోంది. ఆ పిల్ల చదువును పందెంలో పెట్టింది నాయనమ్మ కాదు, నేను. ఈ మాట ఇన్నేళ్ళలో మా ఆయనకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

సంగారెడ్డికి డ్రిల్లు సారు, నేను, పిల్ల వెళ్ళాం. అక్కడా రెండు వందల మీటర్ల చుట్టే, అక్కడా నాలుగు చుట్లే. మొదటి మూడు చుట్లు బాగానే పోయింది. నాలుగో చుట్టులో, మా బడిలోనైతే గీత దాటి ఆగిపోవలసిన సమయానికి, ఇంకా మలుపు దగ్గరే ఉంది. రెండు నిమిషాల యాభై ఐదు సెకన్లు. జాబితాలో పేరు లేదు. పిల్ల ఏడవలేదు, చెప్పులు వేసుకుని వచ్చి నా పక్కన నిలబడింది. తిరుగు బస్సులో చాలాసేపు కిటికీలోంచి చూసి, చివరికి మెల్లగా, "ఆడ గ్రౌండు పెద్దగున్నది టీచర్. మన తాన సుట్టుకు నూట నలభై మూడు అడుగులు. ఆడ నూట యాభై నాలుగు అయినయ్" అంది. నాకు ఒళ్ళు మండింది. రెండు వందల మీటర్లు ఎక్కడైనా రెండు వందల మీటర్లే, భయపడి అడుగులు చిన్నవి వేసి ఉంటావు, సాకులు చెప్పకు అని కసిరాను. పాపం, డ్రిల్లు సారు తన చద్దిడబ్బాలోని ఉప్మా ఆమెకు పెట్టి, తిను బిడ్డా అన్నారు.

సోమవారం ఆమె బడికి రాలేదు. మంగళవారమూ రాలేదు. ఆమె బెంచీలో కూర్చునే పిల్ల, ఇంటి దగ్గర అల్లం తవ్వకానికి పోతోందని, ఇంక రాదని చెప్పింది. నాయనమ్మ మాట మీద నిలబడే మనిషి. నా పరిస్థితి ఎట్లా ఉండేదంటే, నల్లబల్ల మీద గీత గీయాలంటే చెయ్యి వచ్చేది కాదు. బుధవారం పొద్దున వంటింట్లో బియ్యం ఏరుతూ ఉంటే, ఆ పిల్ల చెప్పిన రెండు అంకెలు మనసులో మెదిలాయి. నూట నలభై మూడు, నూట యాభై నాలుగు. భయపడి అడుగులు చిన్నవి వేసిన పిల్ల నాలుగు చుట్లూ ఒకే లెక్కన వేస్తుందా? బియ్యం చాట అట్లాగే వదిలేసి కాగితం తీశాను. అడుగు అదే అయితే, అక్కడి చుట్టు నిజంగా రెండు వందల మీటర్లు అయితే, మా బడి చుట్టు నూట ఎనభై ఆరు మీటర్లు కూడా లేదు.

మా బడికి టేపు లేదు. బొంబాయి రోడ్డు పని చేయించే వాళ్ళ దగ్గర డ్రిల్లు సారు ఒకసారి ఇనుప టేపు అడిగి తెచ్చి, పాతిక మీటర్ల నార తాడు కొలిచి, రెండు కొసలకూ ముడులు వేసి పెట్టుకున్నారు. వానలకు సున్నపు గీతలు చెరిగిపోతాయి కాబట్టి ఏటా ఆటల ముందు ఆ తాడుతోనే గ్రౌండు కొత్తగా గీసేవారు. చుట్టుకు ఎనిమిది తాళ్ళు, నాలుగు చుట్లకు ముప్పైరెండు. మా అటెండరు తాతకు ఈ లెక్క నోటికి వచ్చు, ముప్పైరెండు తాళ్ళ పందెం అనేవాడు. ఆ రోజు మా ఆయనను బతిమాలి ఫ్యాక్టరీ నుంచి ఇనుప టేపు తెప్పించి, డ్రిల్లు సారును పిలిచి వరండాలో తాడు పరిపించాను. ఇరవైమూడు మీటర్ల మీద ఒక జానెడు వచ్చింది. మళ్ళీ కొలిచాం. అంతే వచ్చింది.

అటెండరు తాతను అడిగితే ఆయన ఏ తప్పూ తెలియని ముఖంతో చెప్పాడు. బడికి ఆటలు ఏడాదికి ఒకసారి, తాడు ఊరికే మూల పడి ఉండేది. చెరకు కాలంలో బండి మీద మోపు కట్టడానికి ఎవరో ఒకరు అడిగేవారు, ఇచ్చేవాడు. తిరిగి వచ్చేసరికి ఒక కొస పీచులు పీచులుగా విడిపోయి ఉండేది. ఆటల కోసం పెద్ద మనుషులు వస్తారు కదా, తాడు గలీజుగా ఉంటే బాగుండదని ఏటా ఆ కొస కోసేసి శుభ్రంగా మళ్ళీ ముడి వేసేవాడు. "ఎక్కువ గాదు టీచర్, జానెడంతనే కోస్త" అన్నాడు. ఏటికి జానెడు. ముప్పైరెండు తాళ్ళకు ముప్పైరెండు జానలు, ఏడు మీటర్లు. ఏడు మీటర్లు పరిగెత్తడానికి ఒకటిన్నర సెకను. నేను కనిపెట్టానని మురిసిపోయిన ఆ సరళరేఖ మా పిల్లల కాళ్ళది కాదు, తాత కత్తిది. తాత సంగతి అర్థమై అక్కడే చతికిలపడ్డాడు. డ్రిల్లు సారు గోడ వైపు చూడలేక లోపలికి పోయారు.

నేను కొత్త గ్రాఫు కాగితం తీసుకున్నాను. ఏ ఏడు తాడు ఎంత ఉండి ఉంటుందో లెక్కగట్టి, ఒక్కొక్క పిల్ల నిజంగా ఎనిమిది వందలు పరిగెత్తితే ఎంత పట్టేదో వేసుకుంటూ పోయాను. ఎనిమిది చుక్కలూ మూడు నిమిషాల రెండు సెకన్ల దగ్గరే అడ్డంగా నిలబడ్డాయి. ఎనిమిదేళ్ళలో మా బడిలో ఎవరూ మెరుగు కాలేదు. తొమ్మిదోది ఆ పిల్లది, రెండు నిమిషాల యాభై నాలుగు దగ్గర పడింది, మిగతావాళ్ళకు ఎంతో కింద, ఒంటరిగా. సంగారెడ్డిలో ఆమె పరిగెత్తింది యాభై ఐదు. అంటే అక్కడ ఆమె భయపడలేదు, తగ్గలేదు, ఇక్కడ ఎట్లా పరిగెత్తిందో అక్కడా అట్లాగే పరిగెత్తింది. బస్సులో ఆమె నాకు అదే చెప్పింది. ఆమె అడుగులు లెక్కపెట్టింది, నేను గీతను నమ్మాను. మా ఇద్దరిలో లెక్క వచ్చినదెవరో తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

తొక్కనన్న గడప రెండోసారి తొక్కాను. ఈసారి నాయనమ్మ కూర్చోమనలేదు. నేనే కింద కూర్చుని, తాడు సంగతి, తాత కత్తి సంగతి, నా మిడిసిపాటు సంగతి, ఏదీ దాచకుండా చెప్పాను. తర్వాత కాగితం విప్పాను. ఆవిడ దానివైపు చూడనైనా చూడకుండా, "నాడు సూపిచ్చింది గూడ గీతనే గద పంతులమ్మా" అంది. అవునమ్మా అన్నాను. అల్లం కడుగుతున్న కోడలు చెయ్యి ఆపి చూస్తోంది. ఆ తర్వాత ఆవిడే ఒంగి, అడ్డంగా వరుసగా ఉన్న చుక్కల మీద వేలు పెట్టి, "ఈ సుక్కలోళ్ళంత ఇప్పుడేడున్నరు?" అని అడిగింది. నాకు తెలిసినంతలో చెప్పాను. ఎక్కువమంది పదికి రాకుండానే మానేశారు, ఇద్దరు చెరకు కొట్టే గుంపుల్లో పోతారు, ఒకామె బస్టాండులో ఎప్పుడైనా కనబడుతుంది, చంకలో పిల్లతో. ఆవిడ వేలు మెల్లగా కింది చుక్క దగ్గరికి జరిగింది.

"మల్ల పోతె సీటొస్తదని చెప్తలేవు" అంది.

చెప్పలేనమ్మా, ఎంత పరిగెత్తిందో అంతే చెబుతున్నాను, రేపటి సంగతి నాకు తెలియదు అన్నాను. "గట్ల చెప్పు" అని ఆవిడ చేతులు దులుపుకుని లేచింది. "సోమారం సంది పంపుత. పది ఒడిసేదాంక. అవతలి సంగతి మల్ల" అంది. బస్సు దాకా సాగనంపడానికి పిల్ల నా వెంట వచ్చింది. దారిలో నేను ఆమెకు క్షమాపణ చెప్పాను. అప్పట్లో టీచర్లు పిల్లలకు క్షమాపణ చెప్పడమనేది లేదు, ఆమెకు ఏం చేయాలో తెలియక నా సంచీ తీసుకుని మోసింది.

ఇక మిగిలింది గోడ. మా పెద్ద టీచరమ్మ, అంతా సున్నం కొట్టించేద్దాం, ఎవరైనా అడిగితే పరువు పోతుంది అన్నారు. డ్రిల్లు సారు తలవంచుకుని మీ ఇష్టం అన్నారు. ఆ మాటలప్పుడు ఆ పిల్ల అక్కడే ఉంది. మామూలుగా పెద్దవాళ్ళ ముందు నోరు మెదపని పిల్ల, "అక్కల పేర్లు ఉండనియ్యున్రి టీచర్, వాళ్ళు ఉరికింది నిజమే గద. నాది దుడిచి, సంగారెడ్డిది రాయున్రి" అంది. డ్రిల్లు సారు రంగు డబ్బా తెచ్చి, నలభై రెండు చెరిపి యాభై ఐదు రాశారు. ఆ తర్వాత గోడ చూసినవాళ్ళకు, ఆ పిల్ల తనకు ముందు మూడేళ్ళు గెలిచిన అక్కల కంటే నెమ్మదిగా పరిగెత్తినట్టే కనబడేది. ఎవరైనా అడిగితే ఆమె నవ్వి ఊరుకునేది. వెనక వరస గడుసు పిల్ల మాత్రం ఊరుకోలేక అందరికీ తాడు కథ చెప్పేది.

మరుసటి ఏడు ఇనుప టేపుతో కొలిచిన గ్రౌండులో పరిగెత్తి, మళ్ళీ సంగారెడ్డి పోయింది. రెండు నిమిషాల యాభై ఒకటి. ఒక్క సెకను. ఈసారి బస్సులో నేను ఏడ్చాను, ఆమె కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. హాస్టలు సీటు ఆమెకు ఎన్నటికీ రాలేదు. కానీ పది పాసయింది. ఆ ఎండాకాలం పోయి బడులు తెరిచే వేళకు, నాయనమ్మ ఎవరూ అడగకుండానే ముసుగు సర్దుకుని, మనవరాలిని వెంటబెట్టుకుని జహీరాబాద్ వచ్చి కాలేజీలో చేర్పించి, పోతూ పోతూ మా ఇంటికి వచ్చి గుమ్మంలోనే నిలబడి ఒక అల్లం మూట పెట్టి వెళ్ళింది. ఏమీ మాట్లాడలేదు. ఆ అల్లం అయిపోయేదాకా నేను ఎవరికీ పంచిపెట్టలేదు, మా ఆయన ఇప్పటికీ ఎగతాళి చేస్తారు.

ఆ పిల్ల తర్వాత వ్యాయామ శిక్షణ చదివి, ఝరాసంగం దగ్గర ఒక బడిలో డ్రిల్లు టీచరయింది. ఆమెకూ ఇప్పుడు తల నెరిసింది, ఇంకొన్నేళ్ళకు రిటైరవుతుంది. తాత కోసిన ఆ తాడు ఆమె దగ్గరే ఉంది. ఆటల గదిలో మేకుకు వేలాడదీసి ఉంచింది, దేనికీ వాడదు. నాయనమ్మ పోయింది, డ్రిల్లు సారు పోయారు, తాత ఎప్పుడో పోయాడు. పాత భవనంతో పాటు ఆ గోడ కూడా పోయింది. కూల్చిన రోజు నేనూ వెళ్ళి చూశాను. ఇటుకల కుప్పలో నీలం రంగు పెచ్చులు కొన్ని కనిపించాయి గానీ అక్షరాలు పోల్చుకోలేకపోయాను.

ఏటా ఆటల పోటీలయ్యాక ఆమె నాకు ఫోను చేసి గెలిచిన పిల్ల సమయం చెబుతుంది, నేను ఆ రెండో గ్రాఫు కాగితం మీదే చుక్క పెడతాను. కాగితం ఎప్పుడో నిండిపోయింది, పక్కన ఇంకోటి, దాని పక్కన ఇంకోటి అతికిస్తూ వచ్చాను, ఇప్పుడు విప్పితే మంచం పొడుగు ఉంటుంది. ఇన్నేళ్ళ చుక్కలు దారానికి లొంగవు. ఒక ఏడు పైకి, ఒక ఏడు కిందికి, కరోనా రెండేళ్ళు ఖాళీ. ఏ చుక్క ఏ పిల్లదో, ఆ ఏడు వానలు పడ్డాయో లేదో, ఆ పిల్ల తర్వాత ఏమైందో నాకు చాలా వరకు తెలుసు. ఫోనులో మా మనవరాలు గీసిన గీత ఎంతో నున్నగా ఉంది, వందో వంతు సెకను దాకా తప్పు లేదట, కాదనను. దాని చుక్కల్లో ఎవరి ముఖమూ లేదే అని మాత్రం నాకు కొంచెం బెంగగా ఉంటుంది, ముసలిదాన్ని కదా.

ఆదివారం సాయంత్రం, మనవరాలు అట్లా లేచి వెళ్ళిన గంటకో రెండు గంటలకో, ఝరాసంగం నుంచి ఆమె ఫోను వచ్చింది. ముందురోజే వాళ్ళ ఆటలు అయ్యాయి. "టీచర్, మా పిల్ల ఒకతి ఉరికింది" అని ఆగింది. ఎంత అని నేను అడిగేలోపలే, "టేపుతోటి కొలిచిన. రెండుసార్లు కొలిచిన టీచర్" అంది. ఆ తర్వాత చెప్పింది, రెండు నిమిషాల నలభై తొమ్మిది అని.

సంగారెడ్డిలో ఆమెకు అందని యాభైకి ఇది ఒక సెకను కింద. నేను ట్రంకు పెట్టె తీసి కాగితం మంచం మీద పరిచి, మనవరాలిని పిలిచి, ఆ చుక్క దాని చేత పెట్టించాను. ఈ కింద ఒంటరిగా ఉన్నది ఎవరిది అమ్మమ్మా అని అది పాత చుక్క మీద వేలు పెట్టి అడిగింది. ఈసారి అది లేచి వెళ్ళలేదు, చెప్పేదాకా కూర్చుంది.